దాటేసిన వచనాలు

కాలుతున్న టెంకాయ చిప్పల వాసన తగిలితే ఇప్పటికీ నా కాళ్ళు ఆగిపోతాయి. మొన్న తమిళనాట మా ధర్మపురి బస్టాండు వెనక సందులో నడుస్తుంటే ఎవరో ఇస్త్రీ పెట్టెలో నిప్పులు వేసుకుని విసనకర్రతో విసురుతున్నారు. గొంతు వెనక పట్టుకునే తీయటి పొగ, తడిబట్ట మీద వేడి ఇనుము పడినప్పుడు లేచే ఆవిరి. నేను గోడకు చేయి ఆనించి నిలబడిపోయాను. యాభై రెండేళ్ళవాణ్ణి, పట్టపగలు, నడివీధిలో. పక్కనుంచి పోతున్న ఒకామె తల తిరుగుతోందా అని తమిళంలో అడిగింది. కాదన్నాను. మార్తమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆమె దగ్గర తగిలిన దెబ్బ నాలో ఇంకా చల్లారలేదని ఆ దారినపోయే మనిషికి ఎలా చెప్పను?

మార్తమ్మను మీరెవరూ చూసి ఉండరు. చూసినా గుర్తుంచుకునే రూపం కాదు. బక్కపలచటి మనిషి, నెరిసిన జుట్టు, డెబ్బైకి అటూ ఇటూ వయసు. కుడిచేయి మాత్రం ఎడమచేతికంటే లావుగా ఉండేది. ముప్పై ఏళ్ళు బరువైన ఇస్త్రీ పెట్టె తోసిన చేయి అది. భర్త పోయాక అతని పెట్టె, అతని బల్ల తీసుకుని, ఇంటి ముందు రేకుల వసారాలో నిలబడి మా పేటలో సగంమంది బట్టలు ఆమే ఇస్త్రీ చేసేది. దేవుడి పవిత్రత అనే మాటకు అర్థం నాకు చెప్పింది ఆమె. తీర్పు అంటే ఏమిటో చూపించిందీ ఆమే. నేను ఆమెకు చేసిందల్లా ఒక పుస్తకం చదివిపెట్టడం. అదైనా నిజాయితీగా చేయలేదు.

మా సంగతి కొంత చెప్పాలి. ధర్మపురి పక్కన ఇండూరు దగ్గర మా ఊళ్ళో మాది పెద్దిల్లు. మా తాతను ఊరంతా పెద్దయ్య అనేది. చదువు చెప్పడానికి ఆయన పక్కన కూర్చోబెట్టుకున్న నన్ను తప్ప, ఆయన ఎదుట కూర్చున్నవాళ్ళను నేను చూడలేదు. నా పదిహేనో ఏట ఆయన పోయాడు, ఆయన వెనకే పొలాలు పోయాయి. ఇల్లు చేతులు మారి ఇప్పుడు పెళ్ళిమండపం అయింది. ఎవరెవరో అక్కడ తాళి కట్టుకుంటారు, మా దేవుడి గదిలో ఇప్పుడు వంటపాత్రలు తోముతారు. నాకు మిగిలినవి తాత నేర్పిన తెలుగు చదువు, వంగని నడుము. ఒకరి ఎరువుల అంగడిలో జీతానికి పనిచేస్తూ కూడా రోజూ తెల్లచొక్కా వేసుకునేవాణ్ణి. ఆస్తి పోయినా ఇస్త్రీ పోకూడదని నా పట్టుదల.

ఆ చొక్కాల కోసమే మార్తమ్మ దగ్గరికి వెళ్ళేవాణ్ణి. ఒకరోజు మధ్యాహ్నం చొక్కా తయారయ్యేదాకా ఆగాల్సి వచ్చి, సంచిలోంచి పాత తెలుగు పత్రిక ఒకటి తీసి నిలబడే చదువుకుంటున్నాను. ఆమె పని చేస్తూనే తొంగిచూసింది.

"సామీ, అది తెలుగు అక్షరమా?"

"అవును."

"చదవను వచ్చునా మీకు? మన జనం అందరమూ తెలుగే మాట్లాడతాము. రాసింది చూస్తే మాత్రం కోడి కెలికినట్టు ఉంటుంది నాకు."

"మా ఇంట్లో అందరికీ వచ్చు," అన్నాను. అది అబద్ధం. నా పిల్లలకే రాదు.

"ఏ ఇల్లు సామీ మీది?"

"ఇండూరు దగ్గర పెద్దిల్లు. పెద్దయ్య మనవణ్ణి."

ఆమె పెట్టెను ఎత్తి ఇటుక మీద నిలబెట్టి, నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూసింది. ఆ చూపును నేను గౌరవం అనుకున్నాను. మా తాత పేరు ఇంకా పలుకుతోందని లోపల పొంగిపోయాను.

తరువాతి వారం వెళ్ళేసరికి ఆమె ఒక పాత బైబిలు తీసి ఉంచింది. అట్ట ఊడిపోయి, గుడ్డలో చుట్టి ఉంది. "మా అమ్మది," అన్నది. "చిత్తూరు పక్కనుంచి వచ్చిన ఒక బోధకురాలు మా వీధిలో చదివి వినిపించి, పోతా పోతా అమ్మకి ఇచ్చిపోయింది. ఆ తెలుగు ఇంకొకసారి వినల్లని ఆశ. మధ్యానం మీ అంగడి మూసినప్పుడు ఒక గంట వస్తే చాలు. మీరు చదవండి, నేను పని చేసుకుంటా వింటాను."

"ఎక్కడినుంచి చదవాలి?"

"ప్రవక్తల దగ్గరినుంచి. తీర్పు సంగతి."

నాకు ఆ మతంతో పనిలేదు. అయినా ఒప్పుకున్నాను. అడిగేవాళ్ళు లేక తుప్పు పట్టిన విద్యను ఒకరు అడిగారు, అంతే. ఆమె నాకు కుర్చీ వేసింది. నేను కూర్చునేవాణ్ణి, ఆమె నిలబడేది. అలా ఉండటమే సబబని ఇద్దరికీ తెలుసనుకున్నాను. మంచినీళ్ళు మాత్రం ఆమె ఎన్నడూ ఇవ్వలేదు. మా ఇంటివాళ్ళు తన చేతి నీళ్ళు ముట్టరని తెలిసిన మనిషి అనుకుని, నా నీళ్ళ సీసా నేనే తీసుకుపోయేవాణ్ణి. తెలుగు అక్షరాలు రావని ఆమె చెప్పింది. అసలు ఏ అక్షరమూ రాదని నేను అనుకున్నాను. కూలివాళ్ళ బిడ్డ, ఇస్త్రీ పని. నాకు మరో ఊహ రాలేదు.

ఆ పుస్తకం భాష గంభీరమైనది. నా గొంతుకు సరిపోయింది. ఊళ్ళ మీదికి, రాజుల మీదికి దేవుడి కోపం ఎలా దిగివస్తుందో నేను మా తాత పద్ధతిలో విరిచి విరిచి చదువుతుంటే, బట్టలకోసం వచ్చినవాళ్ళు కూడా కాసేపు ఆగి వినేవాళ్ళు. మార్తమ్మ మధ్యలో మాటలు విసిరేది. పొరుగు దేశాలను తిట్టే భాగం వస్తే, "ఇది పక్కూరోళ్ళ పంచాయితీ, తొందరగా పోనియ్యండి," అనేది. ఒక రాజు ప్రవక్త మాట విననని మొండికేస్తే, "మా అల్లుని మాదిరే ఉండాడే," అని నవ్వేది. విగ్రహాలను ఎగతాళి చేసే అధ్యాయం వచ్చినప్పుడు మాత్రం పెట్టె ఆపింది. "మీ మనసుకి కష్టమైతే దాన్ని వదిలేయండి సామీ. నేనేమీ అనుకోను," అన్నది. నేను ఒక్క మాట వదలకుండా గట్టిగా చదివాను. మా దేవుళ్ళకు నా కాపలా అవసరం లేదనిపించింది.

నేను వదిలినవి వేరే. మొదటిసారి ఎక్కడో బాగా గుర్తుంది. ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకుంటూ పోయి పక్కవాడికి నిలబడే చోటు లేకుండా చేసేవాళ్ళకు కీడు తప్పదని, వాళ్ళ గొప్ప ఇళ్ళు మనుషులు లేక పాడుపడతాయని ప్రవక్త అంటాడు. కన్ను ఆ వరుస మీద పడగానే పెళ్ళిమండపం కనబడింది. ఆలోచించి చేసిన పని కాదు. కన్ను రెండు వరుసలు కిందికి జారింది, నోరు దాని వెంట పోయింది. ఇస్త్రీ పెట్టె ఒక్క క్షణం ఆగింది. నిప్పు చల్లారిందేమో అనుకున్నాను.

ఆ తరువాత అది అలవాటయింది. తలెత్తి చూసేవాళ్ళ చూపు దించబడుతుందనే చోట, పేదవాడి తల మన్నులోకి తొక్కేవాళ్ళను నిలదీసే చోట, కూలివాణ్ణి అణిచినవాళ్ళ మీద దేవుడే సాక్షిగా నిలబడతాననే చోట, నా కన్ను ముందే పసిగట్టి దూకేది. ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. ఊళ్ళో తెలుగు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే.

ఏడాది పైన పట్టింది. చివరి గ్రంథంలో చివరి తీర్పు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఎండాకాలం. తెల్లటి మహా సింహాసనం, దానిమీద కూర్చున్నవాడి ముఖం చూడలేక భూమి, ఆకాశం పారిపోవడం, పారిపోయి దాక్కోవడానికి వాటికి చోటు దొరకకపోవడం, చిన్నవాళ్ళూ పెద్దవాళ్ళూ చచ్చినవాళ్ళంతా వచ్చి ఆ ఎదుట నిలబడటం. మార్తమ్మ ఒక పంచె మడత పెడుతూ, నేను కూర్చున్న కుర్చీ వైపు చూసి అన్నది:

"ఆ దినం కుర్చీ ఎవురికీ లేదు సామీ."

"రాజులకు కూడానా?"

"అందరూ నిలబడినారని మీరే చదివితిరి కదా. నా మాట కాదు."

నాకు చురుక్కుమంది. ఇస్త్రీ చేసే మనిషి నాతో ఆడే మాటేనా అనిపించింది. కానీ ఆ వారమే నాకు గొప్ప కబురొకటి వచ్చింది, దాని సంతోషంలో ఇది మరిచిపోయాను. మా తెలుగువాళ్ళ సంఘం ఆ ఎండాకాలానికి బస్టాండు దగ్గర తన్నీర్ పందల్ పెడుతోంది. దారినపోయేవాళ్ళకు నీళ్ళు, మజ్జిగ పోసే పందిరి. దాన్ని మా తాత పేరున పెడతామన్నారు. ప్రారంభానికి ఆయన గురించి నేను మాట్లాడాలి. మా ఇంటి పేరు నలుగురిలో పలికి ముప్పై ఏళ్ళు దాటింది. మాకు ఇంక మిగిలింది ఆ పేరే. దాన్ని నిలబెట్టే పని నా మీద పడింది.

కొత్త తెల్లచొక్కా ఒకటి కొని మార్తమ్మ దగ్గరికి పట్టుకుపోయాను. ఆమె దాన్ని బల్ల మీద పరిచి, నీళ్ళు చిలకరించి, పెట్టె ఆనించింది.

"ఏమి సామీ విశేషం? ఇంట్లో పెండ్లా?"

"అంతకంటే పెద్దది. ఆదివారం మా తాత పేరున తన్నీర్ పందల్ తెరుస్తున్నారు. దాహంతో వచ్చినవాణ్ణి వట్టిచేతులతో పంపని ధర్మాత్ముడని నేను మాట్లాడాలి."

పెట్టె కదలడం లేదని నాకు వెంటనే తెలియలేదు. ముందు కమురు వాసన వచ్చింది, తరువాత పొగ. ముప్పై ఏళ్ళలో ఒక్క బట్ట మాడ్చని మనిషి. ఆమె మెల్లగా పెట్టె ఎత్తేసరికి చొక్కా గుండె మీద పడవ ఆకారంలో గోధుమరంగు మచ్చ మిగిలింది.

"మార్తమ్మా, చొక్కా," అన్నాను.

ఆమె చొక్కా వైపు చూడలేదు. ఇంట్లోకి పోయి నల్ల అట్ట ఉన్న లావుపాటి పుస్తకం తెచ్చింది. ఎన్నడూ నా ముందు కూర్చోని మనిషి, గడప మీద కూర్చుంది. దారం కట్టిన కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం తెరిచింది. అది తమిళ బైబిలు. పుటల మధ్య అక్కడక్కడ ఎర్రదారం ముక్కలు వేలాడుతున్నాయి, ఎవరి బట్టలో తెలియడానికి మూటలకు కడతారే ఆ దారం. మొదటి దారం దగ్గర తెరిచి చదివింది. ఎక్కడా తడబడలేదు. ఇంటికి ఇల్లు, పొలానికి పొలం. రెండో దారం. మూడోది. నేను దూకి పోయిన ప్రతి చోటూ, వరుసగా, తమిళంలో, నా ఎదుటే చదివింది. కుర్చీ చేతులు పట్టుకున్నానని తరువాత గుర్తొచ్చింది.

"మీకు చదవడం వచ్చా?" అన్నాను. ఆమెను మీరు అనడం అదే మొదలు.

"ఎనిమిదో క్లాసు దాకా పోయినాను. ఈ ఊర్లో ఉండి తమిళం చదివేది ఏమి గొప్ప? మీరు ఒక దినమైనా అడిగితిరా? పొద్దున్నే దీంట్లో చదువుకుంటాను, మధ్యానం అదే మీ నోట వింటాను. మీరు దాటిన చోటంతా దారం పెట్టుకుంటా వచ్చినాను."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ఎక్కడెక్కడ దాటతారో చూడల్లనుకున్నా. మీ దేవుండ్లని తిట్టిన చోటు దాటలేదు. ఇల్లు, పొలం, కూలోళ్ళు, గర్వం. అది వస్తే మాత్రం గుర్రం మాదిరి దూకినారు."

ఆమె కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తరువాత చెప్పినదంతా గొంతు పెంచకుండా, బట్టలు ఎవరివో ఎవరికో చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఆమె పుట్టింది మా ఊళ్ళోనే, ఆమె పదేళ్ళప్పుడు వానలు లేని ఎండాకాలం. వాళ్ళ వీధివాళ్ళు మా పొలం బావి దగ్గర నిలబడితే మా మనుషులు తోడి పైనుంచి పోసేవాళ్ళు. ఒక మధ్యాహ్నం అక్కడ ఎవరూ లేరు. దాహం తట్టుకోలేక ఒక పిల్ల తనే తాడు పట్టి నీళ్ళు తోడుకుంది. అది ఎవరో చూశారు, ఫలానా పిల్ల అని మాత్రం పోల్చుకోలేకపోయారు. ఆ సాయంత్రం పెద్దయ్య బావి చుట్టూ ముళ్ళకంప వేయించాడు. తాడు ముట్టినవాళ్ళను తెచ్చి నిలబెడితేనే కంప తీస్తానన్నాడు. పదకొండు రోజులు. వీధంతా పశువుల కుంటలో బురదనీళ్ళు వడగట్టుకుని తాగింది. ఆమె తమ్ముడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి.

"మా అమ్మ కడవ పట్టుకొని మీ పెరటి వాకిట్లో పొద్దున్నించి నిలబడింది. పెద్దయ్య అరుగు మీద కుర్చీలో ఉండె. తాడు ముట్టింది ఎవురో చెప్పు, కడవ నింపుకొని పో అన్నాడు. అమ్మకి తెలుసు. చెప్పకుండా వట్టి కడవ ఎత్తుకొని వచ్చింది. తెల్లారేసరికి తమ్ముడు పోయినాడు."

"ఎవరు ముట్టింది?"

"నేనే సామీ."

ఎండ ఎంత తెల్లగా ఉందో అప్పుడు చూశాను. ఆమె ఇంకొక మాట అన్నది: "ఇన్ని దినాలు మీకు నీళ్ళియ్యలేదు, గమనించితిరా? అది మర్యాద కాదు. ఆ ఇంటోళ్ళకి నా చేత్తో చుక్క నీళ్ళు పోయనని మా అమ్మ శవం ముందర అనుకున్నాను."

మాడిన చొక్కా చేతిలో పట్టుకుని వచ్చేశాను. అంతా కట్టుకథ అని తేల్చుకోవాలని నేరుగా మా పెద్దత్త దగ్గరికి వెళ్ళాను. తాత పిల్లల్లో మిగిలింది ఆమె ఒక్కతే, ఎనభై దాటింది. మంచం మీద కూర్చుని మామిడి టెంక చీకుతోంది. బావి, కంప అనగానే తలూపింది.

"అవును. కంప ఏసినారు. కొట్టుకొచ్చింది మన పాలేర్లే."

"ఒక పిల్లాడు చనిపోయాడట అత్తా."

"పోయినాడు. ఆ కాలంలో పిల్లోళ్ళు ఊరికే పోతా ఉండిరి."

"నాకు ఎవరూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగితివా?" అని టెంక తిప్పి అవతలి వైపు చీకింది.

ఒకే ఊళ్ళో, ఒకే రోజు, ఇద్దరు ముసలి ఆడవాళ్ళు నన్ను అదే ప్రశ్న అడిగారు. మార్తమ్మ మాటకంటే మా అత్త నోటి నుంచి ఏ అడ్డూ లేకుండా వచ్చిన ఆ జవాబు నన్ను ఎక్కువ వణికించింది. ఆమెకు అది దాచాల్సిన సంగతి కూడా కాదు.

మూడు రోజులు ఆ సందులోకి పోలేదు. శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళాను. మార్తమ్మ మామూలుగానే బల్ల దగ్గర ఉంది. కుర్చీ వేయబోతే వద్దన్నాను.

"ఆదివారం నన్ను ఏం చేయమంటారు?" అని అడిగాను. "చెబితే మా పేరు ఇంక లేవదు. చెప్పకపోతే..."

"నన్నడగొద్దు. తీర్పు తీర్చేది నా పని కాదు. ఒక అధ్యాయం మళ్ళీ చదువు నాయనా. ప్రవక్త దేవుణ్ణి చూసినాడే, అది. దాటకుండా చదువు."

సామీ పోయి నాయనా వచ్చింది. నేను నిలబడి చదివాను. ఎత్తయిన సింహాసనం, ఆయన వస్త్రపు అంచుతోనే నిండిపోయిన గుడి, రెక్కలతో ముఖాలూ కాళ్ళూ కప్పుకుని పరిశుద్ధుడు అని ముమ్మారు అరిచే దూతలు, ఆ అరుపుకు కదిలిన గడపలు, పొగ. తాను చచ్చినట్టేనని, తన పెదవులు మలినమని ప్రవక్త కూలబడటం. బలిపీఠం మీది నిప్పును పట్టకారుతో తెచ్చి ఒక దూత అతని పెదవులకు తాకించడం.

ఆమె పెట్టె మూత తీసి, పట్టకారుతో ఒక నిప్పు ఎత్తి నా ముఖానికి జానెడు దూరంలో పట్టింది. పెదవుల మీద వేడి తగిలి వెనక్కి జరిగాను.

"భయమా? ఆయన పరిశుద్ధత ఇట్ల ఉంటుంది. తెల్లచొక్కా మాదిరి ఉండదు." నిప్పును మళ్ళీ పెట్టెలో వేసింది. "దీనికి ముందర అధ్యాయంలో ఈ ప్రవక్త ఏమి చేసినాడు? అయ్యో మీకు, అయ్యో మీకు అని ఊరందరినీ తిట్టినాడు. అంతా నిజమే, ఒకటీ అబద్ధం లేదు. ఆయన్ని చూసినాక నోట్లో మాట మారిపోయింది. అయ్యో నాకు అన్నాడు. నేను అరవై ఏండ్లు ముందర అధ్యాయంలోనే ఉండిపోయినాను నాయనా."

నాకు అర్థం కాలేదని ఆమెకు తెలిసింది.

"నిన్ను పిలిచింది తెలుగు కోసరమే అనుకున్నావా? ఆ ఇంటి మీది తీర్పు ఆ ఇంటి నోటితోనే వినల్లని పిలిచినాను. నువ్వు చదవతా ఉంటే, ఇది మీకే, మీకే అని లోపల అనుకుంటా ఇస్త్రీ చేసినాను. తియ్యగా ఉండె. దేవుని మాటని కత్తి మాదిరి నూరుకుంటా ఉండినా. ఆ సింహాసనం ముందర నిలబెట్టి అడిగితే నా దగ్గర జవాబు లేదు."

మా తాత కంప వేయించిన మనిషి. ఆమె తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి. ఈ రెంటినీ ఒక త్రాసులో పెట్టడం నాకు ఎప్పటికీ సాధ్యం కాదు. ఆమె కూడా పెట్టలేదు. తన పని తాను ఒప్పుకుంది, అంతే. కానీ నష్టపోయినవాళ్ళ వైపు నుంచి అయ్యో నాకు అనే మాట ముందు రావడం చూసి నేను సిగ్గుతో నేల చూశాను. మా వంశంలో తలదించిన మొదటివాణ్ణి నేనే కావచ్చు. ఆమె లోపలికి పోయి లోటాతో నీళ్ళు తెచ్చి అందించింది. నిలబడే తాగాను.

ఆదివారం పొద్దున పందిరి కింద తడిగుడ్డ చుట్టిన కడవలు, మజ్జిగ గుండిగలు, దోసకాయ ముక్కలు. వెనక గుడ్డ మీద మా తాత నిలువెత్తు బొమ్మ. బంధువులంతా వచ్చారు. నేను పాత నీలం చొక్కా వేసుకుపోయాను. మైకు ఇచ్చాక రాసుకున్న కాగితం జేబులోంచి తీయలేదు. ఆయన నాకు చదువు నేర్పాడని, ఆయనంటే నాకు ఇప్పటికీ ప్రేమ ఉందని చెప్పాను. తరువాత బావి గురించి, కంప గురించి, పదకొండు రోజుల గురించి, చనిపోయిన పిల్లవాడి గురించి చెప్పాను. దాహం పేరు మీద పెట్టే పందిరికి ఈ పేరు వద్దన్నాను. ఇవేవీ అడిగి తెలుసుకోకుండా నేను కూడా మా గొప్ప చెప్పుకుంటూ బతికానని అన్నాను.

కడవలో గ్లాసు ముంచిన మనిషి అలాగే వంగి ఉండిపోయాడు. సంఘం పెద్ద మైకు నా చేతిలోంచి తీసుకుని, "ఎండ బాగా తగిలినట్టుండాది. సారుకి ముందర మజ్జిగ ఇయ్యండి," అన్నాడు. కొందరు నవ్వారు. మా పెద్దత్త కొడుకు నా దగ్గరికి వచ్చి, "ఉన్నది ఆ పేరు ఒకటే కదరా. దాన్ని కూడా అమ్మేసినావు," అన్నాడు. ఆ తరువాత అతను నాతో మాట్లాడలేదు, ఇప్పటికీ మాట్లాడడు. మధ్యాహ్నానికి ఆ బొమ్మ గుడ్డ తీసి మడిచి పక్కన పెట్టారు. నీళ్ళు మాత్రం సాయంత్రం దాకా పోశారు.

మరునాడు మార్తమ్మకు అంతా చెప్పాను. ఏ మాట తరువాత ఏ మాట అన్నానో వరుసగా చెప్పాను. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను, ఆ మాట దాచను. ఆమె ఒక దుప్పటిని నాలుగు మడతలు వేసి అడిగింది:

"చెప్పేటప్పుడు ఎట్లుండె నీకు?"

నిజమే చెప్పాను. "బాగుండింది. అంతమందిలో అలా చెప్పగలిగింది నేనొక్కణ్ణే అనిపించింది."

"ఊ. ఆ గర్వం కూడా కాలిపోవల్ల," అన్నది, కోపం లేకుండా. దుప్పటి పక్కన పెట్టింది. "వాని పేరు చెప్పినావా?"

"ఎవరి పేరు?"

"మా తమ్ముని పేరు."

ఒక పిల్లవాడు అన్నాను మైకులో. ఒక పిల్లాడు అన్నాను మా అత్తతో. ఆమె ఎదుట కూర్చుని అంతా విన్నాను, నిలబడి ఆ అధ్యాయం చదివాను, ఆమె చేతి నీళ్ళు తాగాను. వాడి పేరు ఏమిటని ఒక్కసారి కూడా అడగలేదు. నా చూపు వాడి మీదుగా కూడా దూకి పోయింది. ఊరందరి ముందు నిజం చెప్పానని పొంగిన రోజునే అందులో అన్నిటికంటే ముఖ్యమైన మాట దాటేశాను. నేను దాటేశానని కూడా నాకు తెలియలేదు. ఆ సంవత్సరంలో నాకు తగిలిన దెబ్బల్లో అంత లోతుగా దిగింది మరొకటి లేదు.

ఆమె పేరు చెప్పింది. నా చేత పలికించింది. ఇంకోసారి పలికించింది.

ఆ వానాకాలంలో మార్తమ్మ పోయింది. ఆమె నమ్మిన తీర్పుదినం ఆమె చెప్పినట్టే వస్తుందో లేదో నాకు తెలియదు. ఆమె దేవుణ్ణి నేను ఇంకా దూరం నుంచే చూస్తున్నాను. కానీ మా ఇంటి గురించి, నా గురించి, ఎవరి గురించి మాట్లాడినా, ఇందులో నేను దాటేస్తున్నది ఎవరిని అని వెతుక్కోకుండా ఉండలేను. వెతికితే ఎవరో ఒకరు దొరుకుతూనే ఉన్నారు. ఇది రాస్తున్నప్పుడు కూడా, తాత నా చేయి పట్టుకుని అక్షరాలు దిద్దించిన సంగతి దగ్గర కాసేపు ఎక్కువ నిలవాలని, బావి దగ్గర తొందరగా గట్టెక్కాలని కలం లాగింది.

అతని పేరు మునియప్ప. ఆరేళ్ళవాడు. చెన్నప్ప కొడుకు, మార్తమ్మ తమ్ముడు. మా బావిలో నీళ్ళుండగా, తాగడానికి మంచినీళ్ళు దొరకక చనిపోయాడు.